గోదారి పచ్చగానే ఉంది, తుమ్మెదకే చోటు లేదు

[దృశ్యం: పొద్దున్నే గోదావరి లంకలో వంగ తోట. ఊదారంగు పువ్వు బాగా దగ్గరగా. ఆగి ఆగి వినిపించే ఝుంకారం.]

ముందు ఈ చప్పుడు వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

ఇది ఎగిరేటప్పుడు వచ్చే చప్పుడు కాదండి. తుమ్మెద వంగ పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా వణికిస్తోంది. పువ్వు మధ్యలో పసుపుపచ్చగా ఉన్న గొట్టాలు కనిపిస్తున్నాయా? పుప్పొడి వాటి లోపల ఉంటుంది. బయటికి రావడానికి కొసన చిన్న రంధ్రం, అంతే. ఉప్పు డబ్బాను కుదిపినట్టు కుదిపితే తప్ప రాలదు. పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. తుమ్మెదకు వచ్చు. మట్టిలో గూడు పెట్టుకునే నీలి చారల తేనెటీగకు వచ్చు. గాలికి కదిలినా కొంత పుప్పొడి రాలి వంగ కాస్తుంది, నిజమే. కానీ ఇవి తిరిగిన తోటలో కాపు తేడా తెలిసిపోతుంది.

మునగకూ తుమ్మెదతో పని ఉంది. మునగ పూలకు తుమ్మెదలు ఎంత ముఖ్యమో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లోనే రాశారు.

[దృశ్యం: డ్రోన్ షాట్. వరి చేలు, కొబ్బరి తోటలు, వాటి మధ్య అద్దాల్లా మెరిసే రొయ్యల చెరువులు.]

పైనుంచి చూస్తే మన డెల్టా అంతా పచ్చదనమే. ఇక్కడ తుమ్మెదలకు, తేనెటీగలకు, ఈ ఈగలన్నిటికీ ఏం కొదవ అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కానీ వరి పువ్వులో తేనె ఉండదు. వరికి ఈగతో పనే లేదు, తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారి, ఊళ్లకు ఊళ్లు వరి మాగాణి అయినా ఈగలు బతికాయంటే, అది చేను చలవ కాదు, గట్టు చలవ. గట్టు మీద తాడి, తుమ్మ, జిల్లేడు ఉండేవి. పెరట్లో మునగ, పందిరి మీద పాదులు. కొబ్బరైతే మరీ గొప్ప. ఇంచుమించు నెలకో గెల వేస్తుంది కాబట్టి తోటలో ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూత మీదే ఉంటుంది. మిగతా పూలు లేని రోజుల్లో ఈగల పొట్ట నింపేది ఆ పూతే.

రొయ్యల చెరువు తవ్వితే ఈ రెండూ ఒకేసారి పోతాయి. కొబ్బరి పోతే తిండి పోయింది. పాత గట్టు పోతే ఇల్లు పోయింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక భీమవరం వైపు, కాట్రేనికోన వైపు చెరువులు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చెరువు తవ్విన రైతును తప్పు పట్టను. వరి మీద ఏం మిగులుతుందో నాకూ తెలుసు.

[దృశ్యం: పాత పాక. వెదురు వాసం కొసన వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం. కింద నేల మీద రంపపు పొట్టు.]

ఇల్లు అన్నాను కదా, ఇదిగో ఇది. మా మావయ్య గారి పశువుల పాకలో వెదురు వాసం. ఆడ తుమ్మెద నోటితో కొరికి కొరికి తొలిచింది. లోపల వరసగా గదులు. ప్రతి గదిలో పుప్పొడీ తేనే కలిపిన ముద్ద, దాని మీద ఒకే ఒక్క గుడ్డు. చెక్క పొట్టుతో గోడ కట్టి, మళ్లీ తర్వాతి గది. తేనెటీగల పట్టులో వేల ఈగలుంటాయి. ఇక్కడ ఒక తల్లి, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పిల్లలు. అందుకే ఒక్క వాసం పొయ్యిలోకి పోయినా ఆ పెరటికి అది పెద్ద నష్టం.

తాటాకు ఇళ్లు పోయి స్లాబులు వచ్చాయి. రావాల్సిందే, తుఫానులకు ఎన్నిసార్లు కప్పులు ఎగిరిపోయాయో మర్చిపోలేదు. కాకపోతే వాసాలతో పాటు తుమ్మెద ఇల్లు, మట్టి గోడలతో పాటు నీలి చారల తేనెటీగ ఇల్లు కూడా పోయాయని ఎవరం గమనించలేదు. చెట్టు తొర్రల్లో ఉండే పుట్ట తేనెటీగకూ ఇదే కష్టం. ముసలి చెట్టును కొట్టేసి వందల మొక్కలు నాటినా, వాటికి తొర్ర పడాలంటే ఎన్ని ఏళ్లు?

[దృశ్యం: రైతు చేతిలో వంకర దోసకాయ. ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క పీక్కుపోయి ఉంది.]

"ఎరువు తక్కువైందేమో అనుకున్నానండి," అన్నాడు ఈ రైతు. కోసి చూశాం. ఉబ్బిన పక్క గింజలు నిండుగా ఉన్నాయి, సన్నబడిన పక్క తాలు. దోస పాదుకు మగ పువ్వు వేరు, పిందె ఉన్న ఆడ పువ్వు వేరు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఈగ సరిగ్గా రాకపోతే కొన్ని గింజలే కడతాయి, కాయ వంకర పోతుంది. అసలే రాకపోతే పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. ఇప్పుడు కొన్ని పాదులకు కూలీని పెట్టి, పొద్దున్నే మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు రాయిస్తున్నారు. ఈగ ఊరికే చేసే పనికి కూలి ఇస్తున్నాం.

తేనె పెట్టెలు పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోండి, దోసకు, కొబ్బరికి మంచిదే. వంగకు మాత్రం అవి పనికిరావు, ఇందాక చూశారుగా. పైగా పెట్టెల్లో పెంచని చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. ఫర్లాంగు, రెండు ఫర్లాంగుల లోపే ఇల్లూ తిండీ రెండూ దొరకాలి.

[దృశ్యం: చూరు కింద వేలాడదీసిన వెదురు ముక్కల కట్ట.]

నేను చేసింది చెబుతాను. ఎండు వెదురును జానెడు ముక్కలు కోసి, ఒక పక్క కణుపు ఉంచి, కట్ట కట్టి, వాన తగలకుండా చూరు కింద వేలాడదీశాను. పెరటి మునగకు ఎండిన కొమ్మ కొట్టకుండా వదిలేశాను. గట్టు మీద ఒక బారెడు మేర మందు కొట్టడం, చెక్కడం మానేశాం. తోటలో మందు తప్పదనుకుంటే పొద్దున పూత విచ్చిన వేళ కాకుండా సాయంత్రం కొడుతున్నాం.

[దృశ్యం: వెదురు ముక్క అంచు, బాగా దగ్గరగా. పొట్టు సన్నగా రాలుతోంది. లోపలి నుంచి కొరుకుతున్న చప్పుడు.]

ఇది నిన్న సాయంత్రం తీసింది. మూడో ముక్కలో చేరింది.