కణం బొమ్మ కంటే ముందు కణం: వృక్ష, జంతు కణ భాగాల బోధనపై ఒక ప్రసంగం

(విశాఖపట్నంలో జీవశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నగరంలోని బడుల నుంచీ భీమిలి, గాజువాక, అనకాపల్లి వైపుల నుంచీ వచ్చిన జీవశాస్త్ర ఉపాధ్యాయులకు నమస్కారం.

ఉన్నత పాఠశాల స్థాయిలో కణ నిర్మాణ పాఠాన్ని ఎలా చెప్పాలన్నది ఈరోజు నాకు అప్పగించిన విషయం. ఇది మనందరం ఏటా చెప్పే పాఠమే. ఎడమవైపు నలుచదరంగా వృక్ష కణం, కుడివైపు గుండ్రంగా జంతు కణం, మధ్యలో బాణపు గుర్తులు, వాటి చివర కేంద్రకం, రిక్తిక (రసంతో నిండిన సంచి), మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు), గాల్జీ సంక్లిష్టం (ప్రోటీన్లను సర్ది పంపే భాగం) అనే పేర్లు: పిల్లలు దీన్ని త్వరగానే నేర్చుకుంటారు, పరీక్షలో చక్కగా గీస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. అంత బాగా గీసిన పిల్లవాడినే పిలిచి, ఉల్లిపాయ పొరలోని కణాల్లో హరితరేణువులు, అంటే వెలుతురుతో ఆహారం తయారుచేసే ఆకుపచ్చటి రేణువులు, ఉంటాయా అని అడిగితే, ఉల్లి మొక్కే కనుక ఉంటాయని చెబుతాడు. మొక్కల కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయా అని అడిగితే, అవి జంతువులకు కదా, మొక్కలకు హరితరేణువులు ఉన్నాయి కదా అని అనుమానంగా జవాబిస్తాడు. బొమ్మలో తానే రెండు కణాల్లోనూ మైటోకాండ్రియా గీసి ఉంటాడు, అయినా అలాగే అంటాడు.

ఈ తికమకకు పిల్లల తెలివితో సంబంధం లేదని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకంలోని కణం ఏ జీవి శరీరంలోనూ ఉన్న కణం కాదు. అనేక కణాల్లో విడివిడిగా కనిపించిన భాగాలన్నిటినీ ఒకచోట చేర్చి గీసిన నమూనా అది. శాస్త్రవేత్తకు అటువంటి నమూనా అవసరమే. అయితే నిజమైన కణాన్ని ఒక్కటి కూడా చూడని పిల్లవాడికి ఆ నమూనాయే కణం అవుతుంది. అందువల్ల ఏ భాగాన్ని చెప్పినా ఏదో ఒక నిర్దిష్టమైన కణంతో, ఆ కణం చేసే పనితో కలిపి చెప్పాలనీ, బొమ్మను పాఠం చివరికి జరపాలనీ మీ ముందు ప్రతిపాదిస్తున్నాను.

ముందుగా మన బడుల్లోని సూక్ష్మదర్శిని ఏమి చూపగలదో, ఏమి చూపలేదో మనకు స్పష్టంగా ఉండాలి. 10 రెట్ల అక్షికటకం, 10, 40 రెట్ల వస్తుకటకాలు ఉన్న సాధారణ సూక్ష్మదర్శిని 100 రెట్లు, 400 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. దాన్ని ఎంత మెరుగుపరిచినా, కాంతి స్వభావం వల్ల సుమారు 200 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది విడదీసి చూపలేదు. కణకవచం (వృక్ష కణం చుట్టూ ఉండే గట్టి గోడ), కేంద్రకం, హరితరేణువులు, రంగున్న రిక్తిక దానికి అందుతాయి. ప్రోటీన్లు తయారుచేసే సుమారు 25 నానోమీటర్ల రైబోజోము, ప్రతి కణాన్నీ చుట్టి ఉండే 7 నుంచి 8 నానోమీటర్ల మందం ఉన్న ప్లాస్మా పొర అందవు. ఈ మాట పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే ఉల్లిపొర స్లైడులో గాల్జీ సంక్లిష్టం కనిపించలేదని దిగులుపడే పిల్లలు కొందరైతే, కనిపించిందని రికార్డులో గీసేసే పిల్లలు చాలామంది.

చరిత్ర కూడా ఈ క్రమంలోనే నడిచింది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి చనిపోయిన కణాల గోడలు మాత్రమే. లోపల ఏముందో ఆయనకు కనిపించే అవకాశమే లేదు. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ ఆకు పొరల్లో కేంద్రకాన్ని గుర్తించాడు. 1838లో ష్లీడన్, 1839లో ష్వాన్ మొక్కల, జంతువుల శరీరాలు కణాలతోనే నిర్మితమై ఉన్నాయని ప్రకటించారు. 1898లో కామిల్లో గాల్జీ వెండి లవణాలతో రంగు వేసిన గుడ్లగూబ నాడీకణాల్లో ఒక వల వంటి నిర్మాణాన్ని చూశానన్నప్పుడు, అది నిజంగా కణంలో ఉన్నదా, రంగు వేయడం వల్ల ఏర్పడినదా అన్న వాదం దాదాపు అర్ధశతాబ్దం పాటు సాగింది. 1950ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద కనిపించాకే ఆ వాదం చల్లారింది. మనం ఒక్క పీరియడులో ఒకే బొమ్మ మీద చూపించే భాగాల మధ్య ఇంత కాలవ్యవధి ఉంది. పదమూడేళ్ళ పిల్లలకు ఈ పేర్లూ సంవత్సరాలూ వల్లె వేయించనక్కరలేదు గాని, శాస్త్రవేత్తలు కూడా ఒక భాగం ఉన్నదా లేదా అని పోట్లాడుకున్నారని తెలిస్తే, స్లైడును అనుమానంతో చూసే అలవాటు వారికి వస్తుంది.

ఇక పరిమాణాల సంగతి. చదివిన పెద్దలకు కూడా ఇక్కడే ఊహ అందదు. దీనికి తరగతి గది బయటి వరండా చాలు. ఉల్లిపొర కణం పొడవు సుమారు 0.3 మిల్లీమీటర్లు అనుకుని, దాన్ని 30,000 రెట్లు పెంచితే 9 మీటర్లు అవుతుంది, అంటే ఒక గది పొడవునా ఉన్న వరండా. వెడల్పు రెండు మీటర్ల లోపే. కేంద్రకం అర మీటరు కంటే కాస్త తక్కువ వ్యాసంతో, ఒక గోడకు ఆనుకుని ఉంటుంది. మైటోకాండ్రియా సుమారు 3 సెంటీమీటర్ల మందం, రైబోజోము ముప్పాతిక మిల్లీమీటరు, ప్లాస్మా పొర మిల్లీమీటరులో నాలుగో వంతుకు కూడా రాదు. ఈ లెక్కను పిల్లల చేతనే చేయించి, నేల మీద సుద్దముక్కతో గీయించండి. వరండాలో అత్యధిక భాగాన్ని రిక్తిక ఆక్రమించి ఉంటుందనీ, మనం ఇంతగా చెప్పుకునే కణద్రవ్యం, అంటే కేంద్రకం చుట్టూ ఉండే చిక్కటి పదార్థం, గోడల వెంబడి పలచని పూతలా మిగిలి ఉంటుందనీ అప్పుడు వారికే తెలుస్తుంది. సైన్సు ప్రదర్శనల కోసం దుకాణాల్లో కొని తెచ్చే థర్మోకోల్ నమూనాల్లో మైటోకాండ్రియా కేంద్రకంలో సగం ఉంటుంది, రిక్తిక ఒక మూల ఒదిగి ఉంటుంది. అటువంటి నమూనాకు బహుమతి ఇచ్చే ముందు న్యాయనిర్ణేతలు ఒక్క క్షణం ఆలోచించాలని నా విన్నపం.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఏ కణాన్ని ఎందుకు చూపాలి అన్నదానికి వస్తాను. ఉల్లిపొర మనకు అలవాటైనది, శాఫ్రనిన్ అనే రంగు చుక్క వేస్తే గోడలూ కేంద్రకాలూ స్పష్టంగా కనిపిస్తాయి కనుక దానితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. కాని దానితో ఆగిపోవడం వల్లనే నేను మొదట చెప్పిన తికమక పుడుతోంది. ఉల్లిగడ్డలో మనం ఒలిచే పొర మట్టి కింద, వెలుతురు తగలని రేకులోనిది. అక్కడ కిరణజన్య సంయోగక్రియ జరగదు, హరితరేణువుల అవసరమూ లేదు. లేవు అన్న సంగతిని పిల్లల చేత గమనింపజేసి, ఎందుకు లేవో వారినే అడగాలి. తర్వాత అక్వేరియం దుకాణాల్లో దొరికే హైడ్రిల్లా ఆకును ఒకటి యథాతథంగా నీటి చుక్కలో పెట్టి చూపండి. అది రెండే వరుసల కణాల మందం ఉంటుంది కనుక కోత అక్కరలేదు, రంగూ అక్కరలేదు. కాస్త వెచ్చని వెలుతురులో ఓపికగా చూస్తే హరితరేణువులు కణకవచం వెంబడి వరుసగా కదిలిపోవడం కనిపిస్తుంది. కణద్రవ్యం ప్రవహిస్తూ వాటిని మోసుకుపోతుంది. కణం బతికి ఉన్నదని పిల్లలకు ఇంతకంటే బాగా చూపగల మరో స్లైడు నాకు తెలియదు.

మన ఊరికి ఉన్న మరొక సౌకర్యం సముద్రం. ఆటుపోట్లలో నీరు వెనక్కి తగ్గినప్పుడు మన తీరపు రాళ్ళ మీద పలచని ఆకుపచ్చటి రేకుల్లాంటి పాచి కనిపిస్తుంది. వృక్షశాస్త్రంలో దాన్ని అల్వా అంటాం. దాని దేహం కూడా రెండు వరుసల కణాలే. చిన్న తునకను సముద్రపు నీటిలోనే, కుళాయి నీటిలో కాకుండా, స్లైడు మీద పెడితే ప్రతి కణంలోనూ ఒకే ఒక హరితరేణువు, గోడ వైపు పరుచుకుని కనిపిస్తుంది. హైడ్రిల్లా కణంలో అనేకం, అల్వా కణంలో ఒకటి, ఉల్లిపొర కణంలో శూన్యం. ఈ మూడూ ఒకే రోజు చూసిన పిల్లవాడు ‘వృక్ష కణంలో హరితరేణువులు ఉండును’ అన్న వాక్యాన్ని ఇక గుడ్డిగా రాయడు. ఇదే తీరంలో నమోదైన కాలెర్పా అనే మరో పాచి ఇంకా విచిత్రమైనది. చూడటానికి కాండం, ఆకులు ఉన్న మొక్కలా ఉన్నా దాని దేహంలో అడ్డుగోడలు లేవు, అసంఖ్యాకమైన కేంద్రకాలున్న ఒకే ఒక మహాకణం అది. ఎనిమిదో తరగతికి ఇది మరీ ఎక్కువే, తొమ్మిదో తరగతిలో చురుకైన పిల్లలకు చెప్పవచ్చు. రాళ్ళు జారుతాయి కనుక పాచి తెచ్చే పని మనదే, పిల్లలది కాదు.

కణకవచానికీ ప్లాస్మా పొరకూ తేడా ఏమిటన్నది ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన అంశం. బొమ్మలో అవి పక్కపక్కన ఉన్న రెండు గీతలు మాత్రమే. దీనికి రియో ఆకుకు మించినది లేదు. నగరంలో చాలా ఇళ్ళ కుండీల్లోనూ, పార్కుల గట్ల వెంబడీ పెరిగే, ఆకు అడుగుభాగం ఊదారంగులో ఉండే మొక్క అది. ఆ అడుగు పొరను ఒలిచి నీటిలో చూస్తే ప్రతి కణమూ నిండుగా ఊదారంగుతో కనిపిస్తుంది. ఆ రంగు రిక్తికలోని రసానిది కనుక, బొమ్మలో ఖాళీ గడిలా కనిపించే రిక్తికను పిల్లలు ఇక్కడ నేరుగా చూస్తారు. కవర్‌స్లిప్ ఒక అంచున గాఢమైన ఉప్పునీరు చుక్క వేసి, రెండో అంచున అద్దుడు కాగితంతో పీల్చండి. కొన్ని నిమిషాల్లో ఊదారంగు ముద్ద గోడలను వదిలి లోపలికి ముడుచుకుపోతుంది. గోడ మాత్రం తన ఆకారాన్ని కోల్పోకుండా అలాగే నిలబడుతుంది. నీరు బయటికి పోవడానికి దారి ఇచ్చి, రంగును మాత్రం వెళ్ళనివ్వనిది ప్లాస్మా పొర, దానితో పాటు రిక్తిక చుట్టూ ఉన్న పొర. నీటినీ ఉప్పునూ రెండింటినీ అడ్డులేకుండా పోనిస్తూ ఆకారాన్ని కాపాడేది కణకవచం. సూక్ష్మదర్శినికి అందనంత పలచని ప్లాస్మా పొర చేసే పని ఇక్కడ కంటికి కనిపిస్తుంది. ఆలస్యం చేయకుండా మంచినీరు పోస్తే చాలా కణాలు మళ్ళీ నిండుకుంటాయి. మరిగించిన ఆకు పొరతో ఇదే ప్రయోగం చేసి చూడండి. పొరలు దెబ్బతిని రంగు బయటికి కారిపోతుంది, ముడుచుకోవడం జరగదు. ఈ రెండు స్లైడులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఒక పూర్తి పీరియడు కేటాయించినా వృథా కాదు.

జంతు కణానికి మనం ఎక్కువగా బుగ్గ కణాలను ఆశ్రయిస్తాం. మొండి పుల్లతో నెమ్మదిగా గీకి, ఎవరి పుల్ల వారే వాడి పారేయాలన్న జాగ్రత్తతో, మిథిలీన్ బ్లూ అనే రంగు వేసి చూడటం మంచిదే. గోడ లేని కణం మడతలు పడి, అంచులు వంకరగా కనిపించడం ఉల్లిపొర చూసిన కంటికి వెంటనే తేడాగా తోస్తుంది. దానితో పాటు రక్తకణాల శాశ్వత స్లైడు కూడా చూపాలి. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు. ఫిషింగ్ హార్బరులో దొరికే ఏ చేప ఎర్ర రక్తకణాన్ని చూసినా మధ్యలో కేంద్రకం ఉంటుంది, చేప రక్తపు చుక్కను 0.9 శాతం ఉప్పునీటిలో కలిపి చూడవచ్చు. రెండూ జంతు కణాలే, రెండూ ప్రాణవాయువును మోసేవే. మన ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా కూడా లేవు కనుక మోసుకుపోయే ప్రాణవాయువును అది తాను వాడుకోదు. కేంద్రకం లేదు కనుక తనను బాగుచేసుకోలేక సుమారు 120 రోజులకు నశిస్తుంది. ఒక భాగం లేకపోతే ఏమవుతుందో తెలిసినప్పుడు, ఆ భాగం దేనికో పిల్లలకు అర్థమవుతుంది.

మైటోకాండ్రియాను ‘కణ శక్త్యాగారాలు’ అని వల్లె వేయించి వదిలేయడం నాకు నచ్చదు. ఏ శక్తి, ఏ రూపంలో అన్న ప్రశ్న అక్కడ రావాలి. అవి ప్రాణవాయువును వాడుకుని ఆహారం నుంచి ఏటీపీ అనే, కణం తన పనులకు శక్తిగా వాడుకునే అణువును తయారుచేస్తాయి. కండరాల్లో ఆ అణువును గుర్తించిన వారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయనా, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగానూ దాన్ని కనుగొన్నారు. ఈ పేరు చెప్పాక, మొక్క వేరు కణాలకు వెలుతురు అందదు కదా, వాటికి ఏటీపీ ఎక్కడి నుంచి వస్తుంది అని అడగండి. మొక్కలకు మైటోకాండ్రియా ఉంటాయా అన్న తికమక అక్కడితో తీరుతుంది.

వృక్ష, జంతు కణాల తేడాల పట్టికను పూర్తిగా ఎత్తివేయమని నేను అనడం లేదు. అందులో పోలికల వరుసలు పైన, తేడాల వరుసలు కింద ఉండాలి, ఎందుకంటే పోలికలే ఎక్కువ. సెంట్రియోళ్ళు (కణ విభజనలో పాల్గొనే చిన్న గొట్టాల వంటి భాగాలు) వృక్ష కణాల్లో ఉండవన్న వరుసలో ‘పుష్పించే మొక్కల్లో’ అన్న మాట చేర్చాలి, ఫెర్నులలోనూ సైకస్‌లోనూ ఈదే పురుషబీజాలు తయారయ్యేటప్పుడు అవి ఏర్పడతాయి. లైసోజోములను, అంటే జీర్ణరసాలున్న చిన్న సంచులను, ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ (కణాన్నే చంపే సంచులు) అనడం కూడా తగ్గించవచ్చు. వాటి రోజువారీ పని పాతబడిన భాగాలను విడగొట్టి తిరిగి వాడకానికి ఇవ్వడం, కణాన్ని చంపడం కాదు.

చివరగా పరీక్షల గురించి. భాగాలు గుర్తించమనే ప్రశ్న ఉన్నంతకాలం పిల్లలు బొమ్మనే నేర్చుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. పబ్లిక్ పరీక్ష మన చేతిలో లేకపోయినా యూనిట్ పరీక్షల ప్రశ్నపత్రాలు మన చేతిలోవే. ఉల్లిపొర కణం అని పేరు పెట్టి, అందులో హరితరేణువులు గీసిన బొమ్మ ఇచ్చి తప్పు ఎక్కడుందో అడగవచ్చు. ఒక స్లైడు ఫొటో ఇచ్చి, పేరు చెప్పకుండా, అది వృక్ష కణమా జంతు కణమా, దేని ఆధారంతో చెబుతున్నారు అని అడగవచ్చు. కాంతి సూక్ష్మదర్శినితో చూశానని ఒక విద్యార్థి గీసిన బొమ్మలో రైబోజోములు ఉంటే ఆ బొమ్మను నమ్మవచ్చా అని అడగవచ్చు. ఈ మూడింటికీ జవాబు రెండు మూడు వాక్యాలకు మించదు, దిద్దడానికీ ఎక్కువ సమయం పట్టదు.

రియో, హైడ్రిల్లా, అల్వా స్లైడులు పక్క గదిలో సూక్ష్మదర్శినుల కింద సిద్ధంగా ఉన్నాయి. అల్వా తునకలు ఎండిపోకముందే ముందుగా వాటిని చూసి, ఆ తర్వాత చర్చకు కూర్చుందాం. నమస్కారం.