కృతజ్ఞతార్పణ, దాని 40 రొట్టెలు

శ్రోతలందరికీ నమస్కారం.

యెరూషలేములో దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లో, ప్రాణం మీదికి వచ్చిన గండం గడిచి బయటపడిన యూదుడు, దేవునికి కృతజ్ఞత చెల్లించుకోవడానికి ఒక పశువునూ, దానితోపాటు 40 రొట్టెలనూ తీసుకొని వచ్చేవాడు. ఈ అర్పణకు హీబ్రూలో తోదా అని పేరు. తెలుగు బైబిలులో ఇది కృతజ్ఞతార్పణ. పశువును బలి ఇవ్వడం ప్రాచీన మతాలు చాలావాటిలో ఉన్నదే కాబట్టి, ఈ పూట దాన్ని పక్కన ఉంచి, రొట్టెల సంగతి మాట్లాడుకుందాం. ఈ అర్పణ ఆంతర్యమంతా నా దృష్టిలో ఆ రొట్టెల లెక్కలోనే ఉంది.

ముందు పేరు గురించి ఒక్క మాట. తోదా అంటే కృతజ్ఞత; ఒప్పుకోలు అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. ఆదికాండములో లేయా తన నాలుగవ కొడుక్కు యూదా అని పేరు పెట్టినది ఈ ధాతువును పట్టుకొనే. యూదులు అనే జాతినామం ఆ పేరు నుంచి వచ్చినదే. నేటి ఇశ్రాయేలులో దుకాణదారు చేతి నుంచి చిల్లర అందుకుంటూ జనం చెప్పే మాట కూడా తోదాయే.

అర్పణ విధి లేవీయకాండము 7వ అధ్యాయంలో ఉంది. సమాధానబలులలో ఇది ఒక రకం. నూనెతో కలిపిన పులియని రొట్టెలు, నూనె పూసిన పులియని పలచని రొట్టెలు, నూనె బాగా పట్టించిన గోధుమపిండి రొట్టెలు, వీటికి తోడు పులిసిన రొట్టెలు తేవాలని అక్కడ ఉంది. రెండవ రకాన్ని తెలుగు అనువాదకులు 'పలచని అప్పడములు' అన్నారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు చిరునవ్వు వస్తుంది గాని, అంతకంటే దగ్గరి మాట దొరకడం కష్టమే. ఎన్ని రొట్టెలు, ఎంత పిండి అన్నది మాత్రం ఆ అధ్యాయంలో లేదు. ఆ లెక్క సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో, మెనాహోత్ అనే భాగంలో దొరుకుతుంది. ఒక్కో రకం 10 చొప్పున మొత్తం 40 రొట్టెలు. పిండి 20 కొలతలు: అందులో 10 కొలతలు పులిసిన రొట్టెలకు, మిగిలిన 10 కొలతలు మూడు రకాల పులియని రొట్టెలన్నిటికీ కలిపి. అంటే పులిసిన రొట్టె ఒక్కటి చేయడానికి పట్టే పిండితో పులియని రొట్టెలు మూడు వస్తాయి.

ఆ కొలత ఎంత? ఏపా అనే ప్రాచీన హీబ్రూ కొలతలో పదవ వంతు. ఎడారిలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఏరుకున్న ఓమెరు అనే కొలత కూడా సరిగ్గా ఏపాలో పదవ వంతేనని నిర్గమకాండము చెబుతుంది. అది మనిషికి ఒక రోజు భోజనం. అలా చూస్తే తోదా తెచ్చినవాడు 20 మందికి ఒక రోజుకు సరిపడే పిండిని రొట్టెలుగా చేసి తెచ్చాడన్నమాట.

నూనె మాత్రం తక్కువే. మొత్తానికి అర లోగు, అంటే సుమారు మూడు కోడిగుడ్ల పరిమాణం. అందులో సగం మూడవ రకానికే పోతుంది, ఎందుకంటే దాని పిండిని మరిగే నీళ్లతో కలిపి, కొద్దిగా కాల్చి, తరువాత నూనెలో వేయించాలి. మిగిలిన సగాన్ని మొదటి రెండు రకాలూ సమంగా పంచుకుంటాయి. పులిసిన రొట్టెలకు నూనె చుక్క కూడా లేదు. పులిసిన పిండిని బలిపీఠం మీద దహించకూడదని లేవీయకాండము 2వ అధ్యాయం నిషేధించింది. అయితే ఈ రొట్టెలు బలిపీఠం మీదికి వెళ్లవు, మనుషులే తింటారు కనుక ఆ నిషేధం వీటికి అడ్డు రాదు.

ఇక పంపకం. రకానికి ఒకటి చొప్పున నాలుగు రొట్టెలు యాజకునికి చెందుతాయి, పశువు బోరా, కుడి జబ్బా కూడా ఆయనకే. మిగిలిన 36 రొట్టెలూ, మాంసమూ తెచ్చినవాడివి. అయితే మామూలు సమాధానబలి మాంసాన్ని మరునాడు కూడా తినవచ్చు గాని, తోదా మాంసాన్ని మాత్రం అర్పించిన నాడే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. జనం పొరపాటున గడువు దాటకుండా రబ్బీలు, అంటే యూదు ధర్మబోధకులు, దాన్ని ఇంకా ముందుకు జరిపి అర్ధరాత్రి అన్నారు. తినవలసింది కూడా యెరూషలేము నగరం లోపలే.

ఒక మనిషి, అతని భార్యాబిడ్డలు కలిసినా ఒక్క పూటలో 36 రొట్టెలను, ఒక పశువు మాంసాన్ని తినగలరా? తినలేరు. బంధువులను పిలవాలి, స్నేహితులను పిలవాలి, యాత్రకు వచ్చి పక్క ఇంట్లో దిగిన ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా పిలవాలి. పిలిచినప్పుడు ఏమిటి విశేషం అని వాళ్లు అడగక మానరు, ఇతడు తనకు జరిగింది చెప్పక తప్పదు. గడువు తగ్గించి రొట్టెలు పెంచడంలోని ఉద్దేశం ఇదేనని 19వ శతాబ్దంలో తూర్పు ఐరోపాలోని వొలోజిన్ యూదు విద్యాలయానికి అధిపతిగా ఉన్న నఫ్తాలీ జ్వీ యెహూదా బెర్లిన్ తన వ్యాఖ్యానంలో వివరించాడు. నాకు ఇది ఒప్పుదలగానే ఉంది. సాక్ష్యం చెప్పమని ఆజ్ఞాపించడానికి బదులు, సాక్ష్యం చెప్పక తప్పని విందును ఏర్పాటు చేసిన శాసనం ఇది.

ఇలా కృతజ్ఞత చెప్పవలసినవాళ్లు ఎవరు? 107వ కీర్తన ఆధారంగా, మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథమైన తాల్ముదు నలుగురిని పేర్కొంటుంది: సముద్రం దాటినవాడు, ఎడారి దాటినవాడు, జబ్బు నుంచి లేచినవాడు, చెర నుంచి విడుదలైనవాడు.

రొట్టెలకు పవిత్రత ఎప్పుడు వస్తుందన్న చర్చ కూడా సూక్ష్మమైనది. పశువును వధించిన క్షణంలో రొట్టెలు కూడా పవిత్రమవుతాయి. కాని ఆ సమయానికి పొయ్యిలో ఉన్న రొట్టెకు పైపొర గట్టిపడి ఉండాలి, ఒక్కటి గట్టిపడకపోయినా రొట్టెలేవీ పవిత్రం కావు. రొట్టెలు గోడ బయట ఉన్నా కావు. ఏ గోడ అంటే, యెరూషలేము పక్కనున్న బేత్పగే గోడ అని రబ్బీ యోహానాను అన్నాడు. సువార్తలు చదివినవారికి ఈ బేత్పగే పరిచయమైన పేరే.

పులిసినదేదీ తినని పస్కా పండుగ ముందు ఈ రొట్టెలకు మరొక పని పడేది. పండుగకు ముందు రోజైన నీసాను నెల 14న మధ్యాహ్నానికల్లా పులిసినదేదీ ఇంట్లో ఉండకూడదు కనుక, తోదా తేవలసినవాళ్లందరూ 13వ తేదీనే తెచ్చేవారు. రొట్టెలు విపరీతంగా పోగుపడి, తినేవాళ్లు చాలక తెల్లవారేసరికి చెల్లకుండా పోయేవి. అలా చెల్లని రెండు రొట్టెలను దేవాలయ మంటపం కప్పు మీద పెట్టేవారని రబ్బీ యెహూదా చెప్పిన మాట మిష్నాలో ఉంది. రెండూ కనిపిస్తున్నంతసేపు ఊరంతా పులిసిన రొట్టె తినవచ్చు. ఒకదాన్ని తీసేస్తే తినడం ఆపాలి, కాని మిగిలినదాన్ని అప్పుడే తగలబెట్టకూడదు. రెండవది కూడా తీసేయగానే ఇంటింటా మిగిలిన పులిసిన పదార్థాన్ని తగలబెట్టడం మొదలయ్యేది. గడియారం లేని నగరానికి ఆ రెండు రొట్టెలే గడియారం.

క్రీ.శ. 70లో రోమనులు దేవాలయాన్ని నాశనం చేయడంతో ఈ అర్పణ ఆగిపోయింది. ఇప్పుడు గండం గడిచినవాడు సమాజమందిరంలో పదిమంది సమక్షంలో నిలబడి ఒక ఆశీర్వచనం పలుకుతాడు, విన్నవాళ్లు బదులు పలుకుతారు. తోదా కీర్తన అని పేరున్న 100వ కీర్తనను ఉదయ ప్రార్థనలో చదువుతారు. ఆష్కెనాజీ యూదులు, అంటే మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్నవారు, మాత్రం పస్కాకు ముందు రోజున, పస్కా రోజుల్లో దాన్ని చదవరు. ఎందుకంటే పులిసిన రొట్టెలున్న ఆ అర్పణను ఆ రోజుల్లో దేవాలయంలోకి తీసుకువెళ్లే వీలు లేదు.