అతుకుల బొంతకి ఏ ఇస్త్రీ పెట్టె కొనాలి

నమస్కారమండీ. అతుకుల బొంత అనే మాటని మనం తిట్టు కిందే వాడతాం, ఎవరైనా పని ఆదరాబాదరాగా చేసి చేతిలో పెడితే ఏంటిది అతుకుల బొంతలా ఉంది అంటాం కదా, కానీ నిజంగా కూర్చుని ఓ అతుకుల బొంత కుట్టి చూడండి, ఆ మాట మళ్ళీ నోట్లోంచి రాదు. నేను ఆరేడేళ్ళుగా కుడుతున్నా. మాది బెజవాడ, సత్యనారాయణపురం. మా అమ్మమ్మ కూడా కుట్టేది గానీ ఆవిడకి ఇస్త్రీతో పనే లేదు, నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలల్లో నీళ్ళ చెంబులు పెట్టి, పెద్ద సూదితో ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగు కుట్టు వేసుకుంటూ పోయేది, పసిపిల్లల కింద వెయ్యడానికి అంతకంటే మెత్తటిది ఇంకేముంటుంది. ఇప్పుడు మనం క్విల్టింగ్ అని చేసేది కొంచెం వేరు. చదరాలు, త్రికోణాలు కోసి, ముక్కకి ముక్క కలిపి ఓ డిజైన్ తేవాలి, ఆ తర్వాత మధ్యలో దూది పెట్టి, వెనక గుడ్డ వేసి, మూడు పొరలూ కలిపి కుట్టాలి. దీనికి మిషను ఎంత ముఖ్యమో ఐరన్ బాక్సు కూడా అంతే ముఖ్యం. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మిషను గురించి వందసార్లు అడుగుతారు, ఇస్త్రీ పెట్టె గురించి ఒక్కళ్ళూ అడగరు, ఇంట్లో ఉందిగా అంటారు.

ఇంట్లో ఉన్నది ఎందుకు సరిపోకపోవచ్చో చెప్తాను. ఈ పనిలో కుట్టు మార్జిన్, అంటే కుట్టుకి బయట అంచున వదిలే గుడ్డ, పావు అంగుళం. ఓ వరసలో 9 ముక్కలున్నాయంటే 8 కుట్లు. కుట్టిన ముక్కల్ని తెరిచి సరిగ్గా నొక్కకపోతే గుడ్డ పూర్తిగా తెరుచుకోదు, ఆ మడతలో కాస్త ఇరుక్కుపోతుంది. ఎంత ఇరుక్కుంటుందిలే అనుకుంటాం. మన పెద్దవాళ్ళ లెక్కలో వీసం అంటే పదహారో వంతు కదా, కుట్టుకి అంగుళంలో వీసం పోయినా 8 కుట్లకి అర అంగుళం పొట్టి అయిపోతుంది. పక్క వరసలో 5 ముక్కలే ఉంటే అక్కడ పోయేది పావు అంగుళమే. ఇంక ఆ రెండు వరసలూ ఎలా కలుస్తాయండీ, లాగి కలుపుతాం, బొంత మధ్యలో బుడగలా లేస్తుంది.

నాకు ఇది తెలిసింది మొదటి బొంత పాడయ్యాకే. ఆ బొంత కుట్టేటప్పుడు ఒక షాపులో స్టీమ్ ఐరన్ కొన్నాను, అతను ఇదైతే నీళ్ళు జల్లుకునే పనే ఉండదు మేడమ్ అని ఆవిరి బుస్సుమని వదిలి చూపించాడు, నేను పడిపోయాను. వన్‌టౌన్ వస్త్రలతలో ఏరి ఏరి తెచ్చుకున్న కలంకారీ ముక్కలు, మా టైలర్ ఊరికే ఇచ్చిన మంగళగిరి నూలు ముక్కలు, అన్నీ కలిపి 12 అంగుళాల చదరాలు కుడుతున్నాను. కుట్టడం, ఆవిరి కొట్టడం, చొక్కాకి తోసినట్టు అటూ ఇటూ తొయ్యడం. నాలుగో చదరం స్కేలు పెట్టి చూస్తే ఓ పక్క 12, ఇంకో పక్క 12 ముప్పావు! చదరం కాస్తా పంచాంగంలో రాశి చక్రం గీసిన పిల్లాడి గీతలా వంకరపోయింది. పైగా ఆ వారంలోనే పెట్టె అడుగు కన్నాల్లోంచి గోధుమరంగు నీళ్ళు కారి తెల్ల ముక్క మీద మరక. అది షాపువాడి తప్పు కూడా కాదు, మా బోరు నీళ్ళు అలాంటివి, మరగబెడితే గిన్నెకి తెల్లగా సున్నం పట్టే నీళ్ళు, ఆ సున్నమే పెట్టె లోపల పేరుకుని, తుప్పు కలిపి కిందకి కక్కింది.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. ఆ బాబాయ్‌కి చూపించాను, ఏంటి బాబాయ్ ఇలా అయింది అని. ఆయన ముక్కని వెలుతురుకి పట్టి చూసి, "తోసేస్తన్నారమ్మా మీరు. చొక్కాకి తొయ్యాల. ఇలాంటి ముక్కని తొయ్యకూడదు, ఎత్తి పెట్టాల" అన్నాడు. చేసి చూపించాడు కూడా. బొగ్గుల పెట్టె ఎత్తాడు, కుట్టు మీద నిలువుగా దించాడు, చెయ్యి కదపలేదు, మూడు లెక్కపెట్టేంతసేపు ఉంచాడు, మళ్ళీ నిలువుగానే ఎత్తి పక్క జాగాలో దించాడు. అంతే. కుట్టు కాగితం మడతలా పడుకుంది. నేను మా ఇంట్లో పెట్టెతో అదే చేస్తే అంత బాగా రాలేదు, ఎందుకంటే ఆయన పెట్టె నాలుగైదు కిలోల పైనే, నాది కిలో కూడా లేదు, బరువుకి బదులు నేను చేత్తో నొక్కాలి, నొక్కితే చెయ్యి ఎంతో కొంత జరుగుతుంది. 1882లోనే న్యూయార్కులో హెన్రీ సీలీ అనే ఆయన కరెంటు ఇస్త్రీ పెట్టెకి పేటెంటు తీసుకున్నాడు, ఇన్నేళ్ళైనా మన వీధుల్లో బొగ్గుల పెట్టె ఇంకా ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది. కరెంటు ఖర్చు ఒకటే కాదు, ఆ బరువు, ఆ మందం, ఒకసారి వేడెక్కితే పట్టుకుని ఉండే గుణం.

అందుకని అతుకుల పనికి పెట్టె కొనేటప్పుడు నేను మొదట చూసేది బరువు. షాపులో చేత్తో ఎత్తి చూడండి, ఆన్‌లైన్లో అయితే గ్రాములు చదవండి. తేలికైనవి ముప్పాతిక కిలో అలా ఉంటాయి, ప్రయాణాలకీ యూనిఫాంలకీ అవి హాయి. మనకి కిలోన్నర, రెండు కిలోల హెవీ వెయిట్ డ్రై ఐరన్, అంటే ఆవిరి రాని బరువు పెట్టె, కావాలి. భుజం నొప్పి ఉన్నవాళ్ళు కిలోన్నర దగ్గర ఆగండి, నిలువుగా ఎత్తి దించడమే కాబట్టి గంటకి వందసార్లు ఎత్తుతాం, మర్నాడు పప్పు గుత్తి కూడా పట్టుకోలేం.

రెండోది అడుగు ప్లేటు. కన్నాల్లేకుండా నున్నగా ఉన్నది తీసుకోండి. స్టీమ్ ఐరన్ కన్నాలున్న చోట గుడ్డకి వేడి తగలదు, చొక్కాని తోసుకుంటూ పోతాం కాబట్టి అక్కడ తేడా తెలీదు, ఎత్తి దించే పనిలో మాత్రం సరిగ్గా కుట్టు కన్నం కిందకి వచ్చిందంటే అక్కడ నొక్కు పడదు. ముక్కు కూడా సన్నగా ఉండాలి, చిన్న కుట్టు దగ్గర గుడ్డ తెరవడానికి ముందు ఆ ముక్కే దూరాలి. ఇంక స్టీలా, అల్యూమినియమా, నాన్‌స్టిక్కా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, గీతలు పడకుండా చూసుకుంటే అన్నీ పనిచేస్తాయి. ఆవిరి పూర్తిగా చెడ్డది అనట్లేదు నేను, మొండి మడత తీయడానికి, తప్పుగా నొక్కిన కుట్టుని తిరగెయ్యడానికి పనికొస్తుంది, కానీ తడీ వేడీ కలిస్తే నూలు సాగుతుంది, సాగిన షేపులోనే ఆరిపోతుంది, అందులోనూ ఐమూలగా కోసిన త్రికోణం ముక్క అయితే చూపు తిప్పేలోపు సాగుతుంది. ముక్కలు కొయ్యకముందు గుడ్డకి ఆవిరి పెట్టుకోండి, కోసిన తర్వాత పొడి వేడే. స్టీమ్ ఐరనే కొనాలనుకుంటే డిస్టిల్డ్ వాటర్ ఓ సీసా తెచ్చుకుని ఆ పెట్టె కంపెనీ ఏం పొయ్యమందో చదివి పొయ్యండి, పని అవ్వగానే మిగిలిన నీళ్ళు ఒంపెయ్యండి.

నాబ్ మీద చుక్కలుంటాయి చూశారా, ఒక చుక్క అంటే దాదాపు 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200 వరకు. నూలుకి మూడు చుక్కలు, పట్టుకీ పాలియెస్టర్‌కీ రెండు, నైలానుకి ఒకటే. లోపల రెండు రకాల లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది, వేడికి ఒకటి ఎక్కువ సాగి, ఒకటి తక్కువ సాగి, పట్టీ వంగి కరెంటు కట్ చేస్తుంది, చల్లబడితే మళ్ళీ కలుపుతుంది, లైటు వెలిగి ఆరేది అందుకే. మొదటిసారి లైటు ఆరినప్పుడు వేడి నాబ్ చెప్పినదాని కంటే పైకి పోయి ఉంటుంది, రెండోసారి ఆరేదాకా ఆగి అప్పుడు గుడ్డ మీద పెట్టండి. టైలర్ ముక్కల్లో ఇంకో ప్రమాదం ఉంది, నూలు అనుకున్న జాకెట్ ముక్కలో పాలియెస్టర్ కలిసి ఉంటుంది. ఓ పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించండి, కాగితం కాలిన వాసన, బూడిద అయితే నూలు, గట్టి నల్లపూసలా ముద్ద కడితే పాలియెస్టర్. ఆ ముక్కని మూడు చుక్కల మీద పెడితే ముక్కా పోతుంది, పెట్టెకీ అంటుకుంటుంది.

వాట్లు ఎక్కువైతే మంచిదని అందరూ అనుకుంటారు. హెవీ డ్రై ఐరన్లలో 1000 వాట్లవి దొరుకుతాయి, చాలు, గంట పాటు ఆగకుండా లాగినా ఒక యూనిట్టే, మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంత కూడా కాలదు. 2000 వాట్ల స్టీమ్ ఐరన్ అయితే ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే ప్లగ్గు నల్లగా మాడుతుంది, ఏసీకీ గీజరుకీ వాడే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, మిషను దగ్గర అది ఉందో లేదో ముందు చూసుకోండి. ఐఎస్ఐ మార్కు చూడండి, ఇస్త్రీ పెట్టెలకి ఐఎస్ 366 అని నంబరు పక్కనే ఉంటుంది.

ఆటో కట్ ఆఫ్ గురించి ఇద్దరు కుట్టేవాళ్ళు కలిస్తే గొడవే. మనం కుట్టేది రెండు నిమిషాలు, నొక్కేది పది సెకన్లు, మళ్ళీ కుట్టు, ఈ మధ్యలో పెట్టె తనంతట తాను ఆరిపోయి ప్రతిసారీ చల్లబడితే చిరాకొస్తుంది. నాది లేనిదే. అయితే నేను వాడే స్విచ్ బోర్డుకి పెద్ద ఎర్ర లైటు ఉంది, లేచేటప్పుడు దాన్ని చూడకుండా లేవను. ఇంట్లో చిన్నపిల్లలున్నా, మీకు మతిమరుపున్నా, నా మాట వినకండి, ఆటో కట్ ఉన్నదే కొనండి.

పెట్టె ఎంత మంచిదైనా కింద మెత్తటి పరుపు మీద నొక్కితే ముక్క పరుపులోకి దిగి సాగుతుంది. బల్ల మీద పాత ఉన్ని కంబళి రెండు మడతలేసి, పైన తెల్ల నూలు పంచె ముక్క బిగుతుగా కట్టాను నేను. ఉన్ని వేడిని పట్టుకుంటుంది కాబట్టి కింద నుంచి కూడా నొక్కినట్టు ఉంటుంది. ముందు కుట్టుని మూసి ఉండగానే ఒకసారి నొక్కండి, దారం గుడ్డలోకి కూర్చుంటుంది, అప్పుడు తెరిచి, మార్జిన్ ముదురు రంగు వైపుకి పడేలా నొక్కండి, లేకపోతే లేత గుడ్డ లోంచి ముదురు గీత కనిపిస్తుంది. ఒక వరస మార్జిన్లు కుడివైపుకి, కింద వరస ఎడమవైపుకి పెడితే రెండూ కలిపేటప్పుడు కుట్లు ఒకదానికొకటి ఒరుసుకుని తాళం పడినట్టు ఆగుతాయి, మూలలు అచ్చు కలుస్తాయి, చూస్తే భలే తృప్తిగా ఉంటుంది.

సాగే గుడ్డకి గంజి పెట్టుకోండి, పల్చగా, కొయ్యకముందే, పూర్తిగా ఆరాక ఇస్త్రీ చెయ్యండి, తడిగా చేస్తే అడుగుకి అట్ట కడుతుంది. బొంత అయ్యాక ఓసారి ఉతికెయ్యాలి, గంజి వాసనకి పురుగులు చేరతాయి. బక్రం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) జిగురు పెట్టె అడుగుకి అంటితే పైన ఓ పాత నూలు గుడ్డ వేసి వేడి మీద రుద్దండి, ఉప్పు వేసి రుద్దడం నాన్‌స్టిక్ మీద మాత్రం వద్దు. వేసవిలో ఇదంతా పొద్దున్న ఆరింటికే పెట్టుకుంటా నేను, ఊరికే అనలేదు కదా బ్లేజువాడ అని, ఫ్యానేస్తే ముక్కలు గదంతా ఎగురుతాయి, ఆపితే మనం ఉడుకుతాం.

బొంత పూర్తయ్యాక, మధ్యలో దూది పడ్డాక మాత్రం పెట్టె జోలికి పోకండి. లోపల పాలియెస్టర్ దూది ఉంటే కరిగి చదునైపోతుంది, మామూలు దూది అయినా పొంగు పోతుంది. డాబా మీద నీడపట్టున ఆరేసి దులపండి, చాలు. నా పాత స్టీమ్ ఐరన్ ఇప్పుడు మా ఆయన చొక్కాలకి వాడుతున్నాం, దానికి అదే సరైన పని. ఉంటానండీ, నమస్కారం.