దెయ్యంతో ఏడేళ్లు: మార్టినూ 'మరియమ్మ నాటకాలు' ఒపేరా రివ్యూ

హాయ్ అండీ, ఈసారి కామెంట్లలో ఎవరూ అడగని ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం) గురించి మాట్లాడదాం. చెక్‌లో దీని పేరు 'హ్రి ఓ మరియీ', మనం మరియమ్మ నాటకాలు అనుకుందాం, మరియమ్మ అంటే ఏసు తల్లి. సంగీతం బొహుస్లావ్ మార్టినూది. ఆయన చెక్ మనిషే గానీ అప్పటికి ప్యారిస్‌లో ఉంటున్నాడు. 1935లో చెక్ నగరం బ్ర్నోలో మొదటిసారి వేశారు, ప్రభుత్వ బహుమతి కూడా వచ్చింది, అయినా ఇవాళ చెక్ దేశం బయట దీన్ని స్టేజీ మీద చూడాలంటే రాసిపెట్టి ఉండాలి. అందుకే నేను చెప్పేదంతా రికార్డింగ్ విన్నాక చెబుతున్నదే. 1980ల్లో కండక్టర్ యిర్జీ బెలోహ్లావెక్ ప్రాగ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో సుప్రఫోన్ కంపెనీకి చేసిన రికార్డింగ్ అది.

ముందే ఒక మాట. హీరోయిన్ మనసులో ఏముందో అరగంటసేపు పాడి చెప్పడం ఇందులో ఉండదు. మార్టినూకి ఆ గొడవే వద్దు. మధ్యయుగాల్లో చర్చిలోనూ, ఊరి వీధుల్లోనూ ఆడిన భక్తి నాటకాల పద్ధతి ఆయనకు కావాలి. అక్కడ జరగబోయేది జనానికి ముందే తెలుసు, అయినా నిలబడి చూస్తారు. మన వీధి నాటకంలో హిరణ్యకశిపుడు చస్తాడని తెలియనిదెవరికి? అందుకే ఇందులో కోరస్ కథ నడుపుతుంది, వ్యాఖ్యానం చేస్తుంది, డాన్సర్లకీ పెద్ద పని ఉంటుంది.

మొత్తం నాలుగు ముక్కలు. మొదటిది బైబిల్లోని, దీపాల్లో నూనె అయిపోయిన కన్యల కథ, 12వ శతాబ్దపు ఫ్రాన్సు నాటకం నుంచి తీసుకున్నది. చెక్ మాటలు విటెస్లావ్ నెజ్వల్‌వి. ఈయన 1934లో ప్రాగ్‌లో సర్రియలిస్ట్ (కలల్లాంటి వింత ఊహలతో రాసే కవులు, కళాకారుల) గ్రూపు పెట్టినవాడు, అలాంటాయన చర్చి నాటకానికి మాటలు రాయడమేంటో! చిన్నది, చల్లగా ఉంటుంది, తొందరగా అయిపోతుంది.

అసలు సరుకు రెండోదాంట్లో ఉంది, 'మరికెన్'. దీని మూలం దాదాపు 1515లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన పాత డచ్ నాటకం. నైమేఖెన్ అనే ఊరి పిల్ల మరికెన్‌ని దెయ్యం మాటలతో బుట్టలో వేసుకుంటుంది. సకల విద్యలు, అన్ని భాషలు నేర్పిస్తానంటుంది, పాత నాటకంలో అయితే మరియ అనే పేరు వింటేనే దానికి టెన్షన్, అందుకని ఆ పిల్ల పేరు కూడా మార్పిస్తుంది! ఏడేళ్లు దానితో తిరిగి, సొంతూరు వచ్చి, వీధిలో ఆడుతున్న నాటకం దగ్గర ఆగుతుంది. ఆ నాటకంలో మాష్కరోన్ అని దెయ్యాల తరఫు వకీలు, మనుషుల్ని తమకే అప్పగించమని దేవుడితో వాదన. అడ్డుపడేది మరియమ్మ. నాటకం లోపల నాటకం, దాన్ని చూస్తూ చూస్తూ మరికెన్ మారిపోతుంది. ఎందుకు మారిందో విడమరిచి చెప్పే పాట ఒక్కటీ లేదు, చూసింది, మారింది, అంతే. నాకు ఈ ఒపేరాలో నచ్చిన సంగతి ఇదే. వకీలు వాదిస్తున్నంతసేపూ మన చెవి కూడా ఆ గుంపులోనే ఉంటుంది.

మూడోది క్రీస్తు పుట్టుక, చెక్ దేశంలోని మొరావియా ప్రాంతపు జానపద గీతాలతో అల్లింది. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ మరికెన్ వేడి మీద ఉన్నవాళ్లకి స్పీడు తగ్గినట్టు అనిపిస్తుంది, నాకైతే అనిపించింది.

చివరిది 'సోదరి పాస్కలీనా'. ప్రేమ కోసం మఠం వదిలి వెళ్లిపోయిన సన్యాసిని, ఆ ప్రేమించినవాడి హత్య, నింద ఆమె మీద, చితి దాకా వెళుతుంది వ్యవహారం. మరియమ్మ కాపాడుతుంది. తిరిగి మఠానికి వస్తే, ఇన్నాళ్లూ ఆమె లేదన్న సంగతే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆమె రూపంలో ఆ పనులన్నీ చేసింది మరియమ్మే. భక్తి ఉన్నా లేకపోయినా, ఈ మలుపు దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకు వేయరంటే, నా లెక్కలో కారణాలు తేలిగ్గానే కనబడతాయి: పెద్ద కోరస్, డాన్సర్లు, బోలెడు మంది సోలో గాయకులు, చెక్ భాష, రెండు గంటలు దాటే నిడివి, పైగా టికెట్టు అమ్మడానికి పోస్టర్ మీద వేసుకునే ఒక్క హీరోయిన్ లేదు. రికార్డింగ్‌కి కూడా ఆ ఇబ్బంది ఉంది. డాన్స్ కోసం రాసిన చోట్ల బొమ్మ లేకుండా వింటుంటే ఏదో మిస్సవుతున్నాం అనిపిస్తుంది. కోరస్ మాత్రం బాగుంది, అదిరిపోయింది అనొచ్చు.

వరుసలో వినాలని పట్టు పట్టకండి. నేరుగా మరికెన్ పెట్టుకోండి, మాష్కరోన్ వాదన దాకా ఆగండి. అక్కడ కూడా మీకు పట్టలేదంటే మిగతా మూడూ వదిలేయండి, నేనేమీ అనుకోను.