ఇక్కడ చాటింపు కవరులో వస్తుంది: టెక్సస్ కౌంటీ నోటీసులు చదవడం ఎలా?

నమస్కారం అండి.

మా నాన్నగారు మా దగ్గర ఆర్నెల్లు ఉండడానికి డాలస్ వచ్చారు. వచ్చిన రెండో వారంలోనే ఒక రోజు వాకింగ్ నుంచి వచ్చి, షూస్ విప్పుతూ అడిగారు: "ఒరేయ్, ఇక్కడ గ్రామసభ ఎక్కడ పెడతారు?"

నాకు జవాబు తోచలేదు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఇల్లు కొన్నాను, పన్ను కడుతున్నాను. మా రోడ్డు ఎవరి చేతిలో ఉందో, దాని గురించి ఏ గదిలో మాట్లాడుకుంటారో మాత్రం నాకు తెలియదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్ళి తెలుసుకున్న సంగతులే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: టెక్సస్ మ్యాప్, డాలస్ ఉత్తర భాగం దగ్గరగా]

టెక్సస్‌లో మన జిల్లాల్లాంటి కౌంటీలు 254 ఉన్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్లానో, ఆలెన్, మెకిన్నీ వైపంతా కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో మాత్రం కొంత కాలిన్‌లో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. అంటే ఒకే ఊళ్ళో ఉండి, ఒకే గుడికి వెళ్ళే రెండు కుటుంబాలకి కౌంటీ ఆఫీసులు వేరు కావచ్చు. 2020 జనాభా లెక్కల్లో ఒక్క కాలిన్ కౌంటీలోనే 10 లక్షల 64 వేల మంది తేలారు.

కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్ట్. కోర్టు అన్న మాట చూసి కంగారు పడకండి. అక్కడ కేసులు విచారించరు, బడ్జెట్లు, రోడ్లు, కాంట్రాక్టులు తేలుస్తారు. ఒక కౌంటీ జడ్జ్, నలుగురు కమిషనర్లు ఉంటారు. ఐదుగురినీ జనమే నాలుగేళ్ళకోసారి ఎన్నుకుంటారు. మన జిల్లాలకి ప్రభుత్వం వేసే కలెక్టర్ ఉంటారు కదా, అలాంటి పెద్ద అధికారి ఇక్కడ ఉండరు. పోలీసు పని చూసే షెరిఫ్, కౌంటీ క్లర్క్, టాక్స్ ఆఫీసు అధికారి కూడా విడివిడిగా ఓట్లతో గెలిచి వచ్చినవాళ్ళే. కాబట్టి ఎవరి పని వాళ్ళదే. "ఫోన్ చేశానండి, మా పని కాదన్నారు" అని మనవాళ్ళు అంటుంటారు చూడండి, చాలాసార్లు కారణం ఇదే.

కారు రిజిస్ట్రేషన్, టైటిల్ (కారు మీదే అని చెప్పే కాగితం) కావాలంటే కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్ళాలి. 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కానీ కాలిన్, డెంటన్, డాలస్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. పెళ్ళి లైసెన్సు కౌంటీ క్లర్క్ ఇస్తారు. లైసెన్సు తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగితేగానీ పెళ్ళి చేసుకోకూడదు. 90 రోజులు దాటితే అది చెల్లదు. గుళ్ళో పెళ్ళయితే తలంబ్రాలు, ఫొటోల హడావుడిలో ఆ కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోతారు. పంతులుగారి సంతకం పెట్టించి, 30 రోజుల్లోపు క్లర్క్ ఆఫీసుకి చేర్చాల్సిందే. రేపు డిపెండెంట్ వీసాకి కావలసిన సర్టిఫికెట్ దాన్నిబట్టే వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా ఊళ్ళో ఏ కబురున్నా చాటింపు వేసేవాళ్ళు. డప్పు మోగితే వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి వినేవారు. ఇక్కడా చాటింపు ఉంది, చప్పుడే ఉండదు. పేపరు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో పడుతుంది, ఖాళీ స్థలంలో బోర్డుగా నిలబడుతుంది, లేదంటే తెల్ల కవరులో మన మెయిల్‌బాక్సులోకి వస్తుంది. గ్రోసరీ కూపన్లతో పాటు చెత్తబుట్టలోకి పోయేది కూడా ఆ కవరే.

ఇల్లు కొన్న మొదటి ఏడాది మా ఇంట్లో అదే జరిగింది. వంటింటి గట్టు మీద, ఇండియన్ స్టోర్ కాగితాల కింద ఒక కవరు జూలైలో దొరికింది. దాని మీద గడువు మే నెలదే. మా ఇంటి విలువ మేం కొన్న ధర కన్నా ఎక్కువ వేశారు. అడిగే అవకాశం పోయింది.

[స్క్రీన్ మీద: నోటీసు నమూనా, పేరు, అడ్రసు మూసేసి]

దీని పేరు నోటీస్ ఆఫ్ అప్రైజ్డ్ వాల్యూ. ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. పంపేది ఇళ్ళకి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్. అది కౌంటీ ఆఫీసు కాదు, వేరే సంస్థ. ఇందులో రెండు అంకెలు చూడాలి. ఒకటి మార్కెట్ వాల్యూ, రెండోది పన్ను లెక్కకి తీసుకునే అప్రైజ్డ్ వాల్యూ. మీరు ఆ ఇంట్లోనే ఉంటూ హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవాళ్ళకి పన్నులో ఇచ్చే తగ్గింపు) తీసుకుని ఉంటే, ఆ మరుసటి ఏడాది నుంచి అప్రైజ్డ్ వాల్యూ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు. కొత్తగా కట్టిన గది లాంటివి ఉంటే ఆ లెక్క వేరు.

ఒక ఉదాహరణ చెప్తాను. మార్కెట్ వాల్యూ 5,60,000 డాలర్లు, అప్రైజ్డ్ 5,20,000 అని వచ్చిందనుకోండి. మీరు వాదించి మార్కెట్ వాల్యూని 5,30,000కి దింపినా ఈ ఏడాది బిల్లు మారదు. 5,20,000 కన్నా కిందికి వస్తేనే మారుతుంది. ఈ లెక్క చూసుకోకుండా వెళ్ళి ఒక పూట సెలవు పాడు చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆ విలువ మీద అభ్యంతరం చెప్పడాన్ని ప్రొటెస్ట్ అంటారు. దాని గడువు మే 15. లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు. ఈ రెండిట్లో ఏది తరవాత వస్తే అది. పౌరసత్వం అడగరు. హెచ్1 అయినా, గ్రీన్ కార్డు అయినా, ఇల్లు మీదైతే చాలు.

రెండో ఏడాది నేను ప్రొటెస్ట్ పెట్టి విచారణకి వెళ్ళాను. చిన్న గది. ఎదురుగా ముగ్గురు ప్యానెల్ సభ్యులు, పక్కన అప్రైజల్ డిస్ట్రిక్ట్ మనిషి, గోడ మీద తెరలో మా ఇంటి ఫొటో. ముందు ప్రమాణం చేయించారు. గరాజ్ దగ్గర పునాదిలో ఒక పగులు ఉంది. దాని ఫొటో తీసేటప్పుడు పక్కనే ఒక క్వార్టర్ బిళ్ళ పెట్టాను, వెడల్పు తెలియాలని. బాగు చేయడానికి కాంట్రాక్టర్ రాసిచ్చిన అంచనా కాగితం కూడా తీసుకెళ్ళాను. "మా పన్ను ఎక్కువండీ" అంటే ఆ గదిలో ఎవరూ వినరు, పన్ను వాళ్ళ చేతిలో లేదు. "ఈ ఇంటికి ఇంత విలువ లేదు, కారణం ఇదిగో" అంటే వింటారు. పావుగంటలో అయిపోయింది, విలువ తగ్గించారు.

హోమ్‌స్టెడ్ గురించి ఇంకొక్క మాట. స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే ఈ మినహాయింపు 1,00,000 డాలర్లు ఉండేది. 2025 నవంబరులో ఓటర్లు దాన్ని 1,40,000కి పెంచారు. అప్లికేషన్‌కి ఒక్క సెంటు కూడా కట్టక్కర్లేదు. డబ్బులిస్తే మీ తరఫున పెడతాం అంటూ ఇల్లు కొన్నవాళ్ళకి ఉత్తరాలు వస్తుంటాయి, వాటికి దయచేసి డబ్బులు పంపకండి. మీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంటి అడ్రసు ఉండాలి, అంతే. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఐదేళ్ళకోసారైనా అప్రైజల్ డిస్ట్రిక్ట్ దీన్ని సరిచూడాలి. అందుకోసం వచ్చే కవరుకి జవాబు ఇవ్వకపోతే ఉన్న మినహాయింపు పోయే ప్రమాదం ఉంది.

మే నెలలో విలువ గురించి అంత హడావుడి పడతాం. ఆ విలువని దేంతో గుణిస్తారో తేలేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అప్పుడే కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ తమ పన్ను రేట్లు ఖాయం చేస్తాయి. 2024లో కాలిన్ కౌంటీ రేటు వంద డాలర్లకి సుమారు 15 సెంట్లు. అదే ఏడాది ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు డాలరు పైనే. మినహాయింపులు పక్కన పెడితే 5 లక్షల ఇంటి మీద కౌంటీకి పోయేది 750 డాలర్ల దాకా, స్కూలుకి 5,000 పైన. బిల్లు చూసి కౌంటీ మీద కోపం తెచ్చుకునే ముందు ఈ వాటాలు చూడండి. బిల్లు జనవరి 31లోపు కట్టాలి. ఫిబ్రవరి 1 వస్తే 6 శాతం పెనాల్టీ, 1 శాతం వడ్డీ పడతాయి. లోను కిస్తుతో పాటు పన్ను డబ్బు తీసుకుని బ్యాంకే కట్టే ఎస్క్రో మీకున్నా, కట్టిందో లేదో ఆన్‌లైన్‌లో ఒకసారి చూసుకోండి.

ఇంకో కవరు గురించి మనవాళ్ళకి తప్పకుండా చెప్పాలి. జ్యూరీ పిలుపు, అంటే కోర్టు కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు జనాన్ని పిలిచే కాగితం. ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళకీ వస్తుంది. టెన్షన్ పడకండి, అలాగని పారేయకండి. పౌరుణ్ణి కాదు అని అందులో గుర్తు పెట్టి తిరిగి పంపాలి. అలాగే ఏ ఆఫీసులో ఏ ఫారం నింపుతున్నా, ఓటరుగా నమోదు చేసే గడి దగ్గర ఆగి చదవండి. పౌరసత్వం లేకుండా అక్కడ పొరపాటున టిక్ పెడితే తరవాత ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు.

[స్క్రీన్ మీద: రెండు లేన్ల రోడ్డు, ఫుట్‌పాత్ లేదు]

ఇప్పుడు నాన్నగారు రోజూ వాకింగ్‌కి వెళ్ళే రోడ్డు సంగతి. మా అడ్రసులో ఒక సిటీ పేరు ఉంది. అది పోస్టాఫీసు వాళ్ళ లెక్క. మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, ఆ సిటీ హద్దులో లేదు. ఇలాంటి చోట్ల పోలీసు పని షెరిఫ్‌ది, మామూలు రోడ్లు కౌంటీవి, నీళ్ళు, డ్రైనేజీ చాలాచోట్ల మడ్ అనే యుటిలిటీ డిస్ట్రిక్ట్‌వి. ఆ మడ్‌కి పన్ను విడిగా కట్టాలి. ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టే కట్టలో ఆ సంగతి చెప్పే నోటీసు ఉంటుంది. సంతకానికి ముందే చదవండి.

మా గేటు ముందు రోడ్డు కౌంటీదే అని తేలింది. ఆ దారి మా కమిషనర్ ప్రీసింక్ట్‌లోకి, అంటే ఆ కమిషనర్ చూసే ప్రాంతంలోకి, వస్తుందని వెబ్‌సైట్‌లో మ్యాప్ చూసి తెలుసుకున్నాం. కమిషనర్స్ కోర్ట్ మీటింగ్ అజెండా, అంటే ఏ అంశాలు మాట్లాడతారో చెప్పే జాబితా, కొన్ని రోజుల ముందే పెడతారు. ఒక వారం అందులో మా రోడ్డు కనిపించింది. "నేను మాట్లాడొచ్చా?" అన్నారు నాన్నగారు. ఆయన విజిటర్ వీసా మీద ఉన్నారు, ఇంగ్లీషు రాదు. 2019లో టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టంలో చేర్చిన మాట ఇలా ఉంది: అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకునే ఎవరికైనా అవకాశం ఇవ్వాలి. అనువాదకుడితో మాట్లాడేవాళ్ళకి, అప్పటికప్పుడు వినిపించే అనువాద పరికరాలు లేనిచోట, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అక్కడ అందరికీ మూడు నిమిషాలు. నాన్నగారికి ఆరు.

తలుపు దగ్గర చీటీ మీద పేరు, అంశం నంబరు రాసిచ్చాం. పిలిచాక ఆయన లేచి, చొక్కా సర్దుకుని, మైకు ముందు నిలబడి ఐదుగురికీ దణ్ణం పెట్టారు.

"అయ్యా, పొద్దున ఆరున్నరకి స్కూలు బస్సు కోసం పిల్లలు ఆ గడ్డిలో నిలబడుతున్నారు. వెనక కాలవ ఉంది, ముందు కార్లు. నాలుగడుగుల వెడల్పున సిమెంటు పోయిస్తే పిల్లలు నిలబడతారు. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఒక కమిషనర్ కాగితం మీద రాసుకుంటూ తలెత్తి, "ఎంతమంది పిల్లలు?" అని అడిగారు.

నాన్నగారు నా అనువాదం కోసం ఆగలేదు. వేళ్ళతో చూపించారు, పదకొండు.