తట్టి చూడకుండా కుండే కొనం, పియానో కొంటామా?

ముందే చెప్పేస్తున్నా. వాయించి చూడకుండా సెకండ్ హ్యాండ్ పియానో కొన్నారంటే మీరు కొన్నది పియానో కాదు, రెండు వందల కిలోల పైచిలుకు బరువున్న బీరువా!

పోయిన వారం ఇదే మాట అంటే చాలామంది నా మీద విరుచుకుపడ్డారు. "యమహా కంపెనీ యూ1 మోడల్ పియానో ఎక్కడ కొన్నా యూ1 ఏ కదా, జపాన్ సరుకు, సీరియల్ నంబర్ ఉంది, వాయించిన వీడియో పంపారు, ఇంకేం కావాలి?" అని. ఆ వీడియో గురించే అండీ నా బాధంతా.

ఎండాకాలం కుండ కొనేటప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏం చేస్తారు? వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొదబొదమంటే పక్కన పెడతారు. పుచ్చకాయ తడతాం. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి ఊపుతాం. బొబ్బిలి వెళ్లి వీణ కొనేవాళ్లు తీగ మీటకుండా డబ్బు కడతారా? పనస చెక్కే అయినా ఒక్కో మానుది ఒక్కో పలుకు. మరి పియానో కూడా చెక్కే కదా! వంద రూపాయల కుండకు ఉన్న పరీక్ష లక్షల రూపాయల వాయిద్యానికి ఎందుకు లేదు?

అసలు విషయానికొస్తా. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు: పిన్‌బ్లాక్. పియానోలో 88 కీస్, రెండు వందలకు పైగా తీగలు. అన్ని తీగల లాగుడూ కలిపితే పదిహేను టన్నులు దాటుతుంది. ఆ భారం మోసేది పోత ఇనుము ఫ్రేమ్, సరే. కానీ తీగ కొసను పట్టుకునేది ఎవరు? ట్యూనింగ్ పిన్. దాన్ని నట్టూ బోల్టూ పెట్టి బిగించరు. గట్టి చెక్క పొరలు అతికించి చేసిన పలకలో, పిన్ కన్నా కాస్త సన్నటి రంధ్రం పెట్టి, అందులోకి దిగ్గొడతారు. చెక్క బిగువే ఆధారం, ఇంకేం లేదు. ఆ పలకే పిన్‌బ్లాక్. చాలా పియానోల్లో అది ఇనుప ఫ్రేమ్ వెనక ఉంటుంది, మీ కంటికి కనపడదు. పియానో ప్రాణమంతా అక్కడే ఉంది!

ఇప్పుడు ఆ వీడియో సంగతి. పొద్దున ట్యూన్ చేసి సాయంత్రం షూట్ చేస్తే, వదులు పిన్ కూడా ఆ పూటకి బంగారంలా పలుకుతుంది. వారం తర్వాత పలుకుతుందా? దానికి తోడు మన ఫోన్ మైకులు పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి అన్నీ ఒకేలా చేసేస్తాయి. ఎడమ చేతి వైపు రాగి చుట్టిన లావు తీగలు చచ్చిపోయి డుబ్బు డుబ్బుమంటున్నా మీకు వినపడదు.

నాకెలా తెలుసంటే, నేను మోసపోయాను కాబట్టి. మా అమ్మాయి కోసం నల్లగా నిగనిగలాడే అప్‌రైట్ (నిలువు పియానో) ఒకటి వీడియో చూసి కొన్నాను. ఆరుగురు మనుషులు మెట్ల మీదుగా రెండో అంతస్తుకు మోశారు. తొమ్మిదో రోజుకి మధ్య స్వరాలు శ్రుతి తప్పాయి. ట్యూనర్ గారు (శ్రుతి చేసే ఆయన) వచ్చి లివర్, అంటే పిన్ తిప్పే పిడి, పెట్టి ఇలా తిప్పారు, పిన్ వేలితో తిప్పినట్టు తిరిగిపోయింది. ఆయన తల పట్టుకుని "సార్, దీన్ని ఎన్నిసార్లు బిగించినా జారుతుంది" అన్నారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ మొహం నేను మర్చిపోలేనండీ.

ఇంకో గొడవ ఉంది. జపాన్‌లో వాడకానికి చేసిన పియానోలు వేరే వాతావరణానికి సరిపడవని యమహా అమెరికా విభాగమే హెచ్చరించింది. కొత్తవి అమ్ముకోవడానికి అలా అంటున్నారని పాతవి అమ్మేవాళ్లు కొట్టిపారేస్తారు. నేను ఇద్దరి మాటా ఒప్పుకోను. ఏ దేశం కోసం చేశారన్నది కాదు, పోయిన పదేళ్లు ఏ గదిలో నిలబడిందన్నదే లెక్క. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండకి గాలి పొడిబారి, దాని మీద ఏసీ వేస్తే చెక్క ముడుచుకుంటుంది. జులై వానకి ఉబ్బుతుంది. ఏటా ఇదే. రంధ్రం వదులవదా? విశాఖ సముద్రపు గాలికి తీగలే తుప్పు పడతాయి. సీరియల్ నంబర్ పుట్టిన ఏడాది చెప్తుంది, ఎలా బతికిందో చెప్పదు.

వెళ్లి వాయించండి. కుదరకపోతే ఆ ఊళ్లో ట్యూనర్‌కి డబ్బిచ్చి పంపండి, లివర్‌తో పిన్నులు చూడమనండి. అదీ కుదరదంటే, పై మూత ఎత్తి పిన్నుల వరుసంతా దగ్గరగా వీడియో తీయమనండి. తీగ చుట్లు అడుగుకు ఆనుకునేంతగా పిన్నులు లోపలికి దిగ్గొట్టి ఉన్నాయా? కొన్ని పిన్నులు మాత్రం లావుగా, కొత్తగా ఉన్నాయా? చుట్టూ జిగురు మరకలున్నాయా? ఉంటే, ఎవరో ఇప్పటికే ఈ జబ్బుకి వైద్యం చేశారని అర్థం. కీబోర్డు మధ్యలో 'A' అనే స్వరం నొక్కి, శ్రుతి కొలిచే ట్యూనర్ యాప్ చూపించమనండి. 440 హెర్ట్జ్ రావాలి. 415 దగ్గర ఉంటే అరస్వరం కిందకి జారినట్టే. పైకి లాగబోతే పాత తీగలు తెగొచ్చు. రెండు వారాల తర్వాత, మధ్యలో ట్యూన్ చేయకుండా, అదే స్వరం మళ్లీ వినిపించమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఒప్పుకుంటారు.

నిన్న విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. అడ్వాన్స్ ఇవ్వబోతున్నారు. మూత ఎత్తి వీడియో అడగమన్నాను. అమ్మేవాళ్ల జవాబు ఏమొచ్చిందో తెలుసా? "మూత తీయడం కుదరదు సార్, పాలిష్ పాడవుతుంది." ఆ మూతకి మడత బందులుంటాయండీ! ఒక్క చేత్తో ఎత్తితే లేస్తుంది!