సింప్సన్ ఎడారి దాటడానికి ప్రాడో: ఏ సామగ్రి మోయాలి, ఏది వదిలేయాలి

నమస్కారం. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న సింప్సన్ ఎడారిని పడమటి నుంచి తూర్పుకు, అంటే దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ డేర్ నుంచి క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ వరకు దాటడానికి సిద్ధం చేసిన ఒక టయోటా ప్రాడోను ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఇది 150 సిరీస్ బండి, 2.8 లీటర్ల డీజిల్ ఇంజినుది. అడిలైడ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి, ఇలాంటి ప్రయాణానికి మొదటిసారి బండి అమర్చుకోవాలనుకునే తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను. ఈ దారిలో వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మధ్యలో డీజిల్ బంకు గానీ, దుకాణం గానీ, మొబైల్ సిగ్నల్ గానీ ఉండవు.

ఈ బండికి బిగించిన ప్రతి వస్తువునూ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. దాని బరువుకు తగిన పని అది ఈ ఎడారిలో చేస్తుందా, లేదా? ఈ బండి సామాను, మనుషులు అన్నీ కలుపుకుని మొత్తం 2,990 కిలోలు దాటకూడదు. నిండు ట్యాంకుతో ఖాళీ బండి బరువే 2,300 కిలోలకు పైగా ఉంటుంది కనుక, మన చేతిలో మిగిలేది రమారమి 650 కిలోలు. వినడానికి అది పెద్ద అంకెలాగే ఉంటుంది. కానీ ఇద్దరు పెద్దవాళ్లకు 150, బండి ముందు రక్షణగా బిగించే ఇనుప బుల్ బార్‌కు 65, చిక్కుకున్న బండిని తాడు చుట్టి లాగే యంత్రమైన విన్చ్‌కు 35, పైన క్యారియర్‌కు 35, దాని మీది టెంటుకు 65, డిక్కీలోని సొరుగులకు 65, నిండా సరుకులున్న ఫ్రిజ్‌కు 45, రెండో బ్యాటరీకి, దాని తీగలకు 20, నీళ్లకు 70, డీజిల్ క్యాన్‌కు 20, రెండో స్టెప్నీకి 35, ఇసుకలోంచి బండిని లాగే సామగ్రికి 30, పనిముట్లకు 25, తిండి, బట్టలు, వంట సామానుకు 80 చొప్పున కూడండి. మొత్తం 740 వస్తుంది. పరిమితి దాటిన బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. ఆ మాట అలా ఉంచినా, అధిక బరువుతో దిబ్బలెక్కే బండికి స్ప్రింగులూ, యాక్సిల్ బేరింగులూ, చివరికి చాసిస్ కూడా దెబ్బతినవచ్చు. ప్రభుత్వ ఆమోదమున్న సస్పెన్షన్ కిట్ బిగించి ఈ పరిమితిని చట్టబద్ధంగా పెంచుకోవచ్చు గానీ, ముందు సామాను తగ్గించి చూడటమే నా సలహా.

ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చినవి టైర్లు. పక్కగోడలు గట్టిగా ఉండే లైట్ ట్రక్ రకం ఆల్ టెరైన్ టైర్లు వేశారు. తారు రోడ్డు మీద ఈ లోడుతో 38 పీఎస్‌ఐ వరకు గాలి ఉంచినా, కంకర రోడ్డు మీద 28కి, ఇసుకలో 16 నుంచి 18కి తగ్గించాలి. గాలి తగ్గించినప్పుడు టైరు ప్రధానంగా పొడవునా సాగి నేలను ఆనుకుంటుంది. బండి బరువు ఎక్కువ చోటు మీద పరచుకోవడం వల్ల చక్రం ఇసుకను తవ్వకుండా దాని పైనే నడుస్తుంది. గాలి తగ్గించకుండా వేగంతోనే దిబ్బ ఎక్కాలని చూసేవారి చక్రాలు వాలు మీద గుంతలు తవ్వుతాయి, ఆ గుంతలు వెనక వచ్చే ప్రతి బండినీ ఎగరేస్తాయి. గాలి తీసే పరికరం, ప్రెజర్ మీటరు, మంచి కంప్రెసర్, పంక్చర్ కిట్ ఈ నాలుగూ కలిపినా విన్చ్ ఖరీదులో కొంత భాగమే అవుతాయి. ఎడారిలో మాత్రం రోజూ చేతిలో ఉండేవి ఇవే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడిపోవచ్చు కూడా. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టుకోవాలి.

సస్పెన్షన్‌కు అసలు పరీక్ష ఎడారిలో కాదు, ఎడారిని చేరే దారిలో ఎదురవుతుంది. ఊద్నాదత్త నుంచి మౌంట్ డేర్ వైపు వెళ్లే మట్టిరోడ్లు సిమెంటు రేకు వంకుల్లా అడ్డగీతలు కట్టి ఉంటాయి. గంటల తరబడి ఆ అదురు తగిలితే షాక్ అబ్జార్బర్లలోని నూనె వేడెక్కి నురగ కడుతుంది, అప్పుడు అవి పనిచేయడం మానేస్తాయి. అందుకే ఇందులో నూనె ఎక్కువ పట్టే లావు షాక్ అబ్జార్బర్లు, ఎప్పుడూ ఉండే లోడుకు సరిపడే స్ప్రింగులు వేశారు. సరైన నిర్ణయం. ఖాళీగా తిరిగే బండికి మరీ గట్టి స్ప్రింగులు వేస్తే నగరంలో అది ఎగిరెగిరి పడుతుంది కనుక, ముందు లోడు తేల్చుకుని ఆ తర్వాతే స్ప్రింగులు ఎంచుకోవాలి.

ఇంధనం విషయంలో ప్రాడోకు పుట్టుకతోనే ఒక అనుకూలత ఉంది. ఫ్యాక్టరీ నుంచే దీనికి రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు వస్తాయి. మౌంట్ డేర్ నుంచి ఫ్రెంచ్ లైన్ అనే ఇసుక బాట మీదుగా బర్డ్స్‌విల్‌కు దాదాపు 500 కిలోమీటర్లు. ఇసుకలో ఈ తరహా డీజిల్ బండి వంద కిలోమీటర్లకు 18 నుంచి 25 లీటర్లు తాగవచ్చు కనుక 125 లీటర్ల దాకా సరిపోతుంది. వెనక్కి తిరగాల్సి వచ్చినా, దారి తప్పినా ఆదుకోవడానికి ఒక 20 లీటర్ల క్యాన్ చాలు. వేలు ఖర్చుపెట్టి పెద్ద ట్యాంకు వేయించుకోనక్కర్లేదు.

నీళ్ల దగ్గర మాత్రం బరువు లెక్క చూడకండి. ఇక్కడి మూలవాసులైన వాంగ్కంగురు ప్రజలు మికిరి అనే లోతైన బావులు తవ్వుకుని, ఏ బావి ఎక్కడుందో తరతరాలుగా తెలుసుకుని ఈ నేల మీద బతికారు. మనకు ఆ జ్ఞానం లేదు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఏడు లీటర్ల చొప్పున, అనుకున్న రోజుల కంటే మరికొన్ని రోజులకు సరిపడా తీసుకెళ్లాలి. అదీ ఒకే ట్యాంకులో కాకుండా రెండు మూడు డబ్బాల్లో ఉంచుకోవాలి. ఒకటి చిల్లుపడినా మిగతావి ఉంటాయి.

ఫ్రిజ్ 40 లీటర్లది. దానికి వంద ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీని డిక్కీలో పెట్టి, బ్యాటరీకి తగినట్టు కరెంటును సర్దే డీసీ-డీసీ చార్జర్ ద్వారా, ఇంజిను తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌కు కలిపారు. బోనెట్ కింది వేడిని లిథియం తట్టుకోలేదు కనుక దాని చోటు ఇదే. తీగ లావుగా ఉందో లేదో, ముందు బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు వేశారో లేదో మీరే కళ్లారా చూసుకోండి. అదురుకు తీగ ఒరుసుకుపోయి మంటలు లేచే ప్రమాదం ఉంది.

ఇక విన్చ్. అది కట్టుకోవడానికి చెట్టు కావాలి, ఈ దిబ్బల మీద బండిని ఆపగలిగే చెట్టు దొరకడం అరుదు. ఇక్కడ పనికొచ్చేవి పొడవు కర్ర ఉన్న పార, చక్రాల కింద వేసే ప్లాస్టిక్ పలకలు, తోటి బండి లాగడానికి సాగే పట్టీ. ఆ పట్టీని చాసిస్‌కు బిగించిన, బరువు పరిమితి ముద్రించిన కొక్కేలకే తగిలించాలి. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి టో బాల్‌కు ఎప్పుడూ తగిలించకండి. అది విరిగి ఎగిరి వచ్చి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఆస్ట్రేలియాలో జరిగాయి. బుల్ బార్ గురించి కూడా ఒక మాట. భారతదేశంలో 2017లో వీటిపై కేంద్రం చర్యలకు ఆదేశించింది. ఇక్కడ మాత్రం ఎయిర్‌బ్యాగులకు అడ్డురాని నమూనాలకు అనుమతి ఉంది, సంధ్యవేళ రోడ్డుకు అడ్డొచ్చే కంగారూల నుంచి రేడియేటర్‌ను కాపాడేది అదే. కాబట్టి దాన్ని ఉంచుతాను.

ముందు భాగాన ఎర్రజెండా కట్టిన పొడవాటి కర్ర అలంకారం కాదు. దిబ్బకు అవతల నుంచి ఎక్కే బండికి ముందుగా కనిపించేది ఆ జెండాయే, అది తప్పనిసరి కూడా. బండ్ల మధ్య మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియోను చానెల్ 10లో ఉంచాలి. శాటిలైట్ ఫోను, ఆపదలో మనం ఎక్కడున్నామో సంకేతం పంపే, రిజిస్టర్ చేసిన అత్యవసర బీకన్ రెండూ ఉండాలి. ఎండల కారణంగా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ ఎడారిలోని జాతీయ పార్కు మూసి ఉంటుంది, మిగతా కాలంలో దక్షిణ ఆస్ట్రేలియా వైపు డెజర్ట్ పార్క్స్ పాస్ అనే ప్రవేశ అనుమతి తీసుకోవాలి.

ఈ బండి నాదైతే మూడు మార్పులు చేస్తాను. విన్చ్ తీసేస్తాను, పైకప్పు టెంటు బదులు 20 కిలోల నేల టెంటు పెడతాను, ఇనుప సొరుగుల స్థానంలో గట్టిగా కట్టేసిన ప్లాస్టిక్ పెట్టెలు పెడతాను. ఈ మూడిటితో 120 కిలోల పైచిలుకు తగ్గి లోడు 620 దగ్గరకు వస్తుంది. పైకప్పు తేలికై, ఏటవాలు దిబ్బల మీద బండి పక్కకు ఒరిగే భయమూ తగ్గుతుంది. ఆ తర్వాత అన్నీ సర్ది, మనుషులందరూ కూర్చుని, బయలుదేరే ముందు వేబ్రిడ్జి మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూకం వేయించండి. మొత్తం పరిమితిలోనే ఉన్నా వెనక యాక్సిల్ ఒక్కటే దాటిపోయిన బండ్లు చాలా ఉంటాయి. అలా తేలితే నీళ్ల డబ్బాలను ముందు సీట్ల వెనక్కి జరిపి మళ్లీ తూయించండి.